అది ఉపవాసం కాదు, ఆంటీ

మొదటిసారి నా ఛాతీలో ఆగిపోయింది పెరుగన్నం. చేప ముల్లో, ఎండిపోయిన చపాతీయో అయితే నేనంత ఆశ్చర్యపోయేదాన్ని కాదు. పసిపిల్లలకీ, జ్వరం తగిలినవాళ్ళకీ పెట్టే పెరుగన్నం, అదీ మెత్తగా పిసికి కలిపింది, రొమ్ము ఎముక వెనకాల ఎక్కడో ఆగిపోయి ఇక కిందికి దిగనంది.

అప్పుడు నేను మిషిగన్‌లో మాస్టర్స్ మొదటి సెమిస్టర్‌లో ఉన్నాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో సౌజన్య, నేను కలిసి ఉండేవాళ్ళం. మాది నరసాపురం. సౌజన్యది వరంగల్. నేను మాట్లాడని మాటలన్నీ కూడా కలిపి తనే మాట్లాడుతుంది కాబట్టి మాకు బాగా కుదిరింది.

కంచం పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. సౌజన్య నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏందే, గట్ల నిలబడ్డవ్?"

"ఆగిపోయింది."

"పెరుగన్నం ఆగుడేందే? నీళ్ళు తాగు, జారుతది."

తాగాను. ఆ నీళ్ళు కూడా పోయి అన్నం మీద నిలబడ్డాయి. అదే నాకు భయం వేసిన సంగతి. చేతులు పైకెత్తి, భుజాలు వెనక్కి లాగి, వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. కాసేపటికి లోపల ఎవరో తలుపు కొద్దిగా తీసినట్టు అంతా ఒక్కసారిగా దిగింది. హాయిగా ఊపిరి పీల్చుకుని ఆ సంగతి మర్చిపోయాను.

చెట్ల ఆకులు రాలే సమయానికి అది వారానికోసారి వచ్చేది. మంచు పడే సమయానికి రోజూ. తిన్నది కొన్నిసార్లు దిగేది కాదు, తిరిగి నోట్లోకి వచ్చేది. వాంతి కాదు. పుల్లగా కూడా ఉండేది కాదు. తిన్నది తిన్నట్టే వచ్చేది. నలుగురిలో అలా జరుగుతుందేమోనని క్యాంపస్‌లో లంచ్ ఒక్కదాన్నే తినడం మొదలుపెట్టాను. లైబ్రరీలో ఎవరూ రాని మూల ఒకటుంది. ఒళ్ళో పుస్తకం, పుస్తకం చాటున చిన్న డబ్బా. నాకు అసలే జనంలో తినడం మొహమాటం. అందుకే అదేదో నా స్వభావమే అనుకున్నాను గానీ జబ్బనుకోలేదు.

స్టూడెంట్ క్లినిక్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్ "ఏమిటి ఇబ్బంది?" అని అడిగారు. "అసిడిటీ" అన్నాను. మా ఇంట్లో ఛాతీలో ఏం జరిగినా గ్యాసే, అసిడిటీయే. ఆయన తలూపి "యాసిడ్ రిఫ్లక్స్" అని రాసుకుని, టాబ్లెట్లు ఇచ్చి, కారం తగ్గించమన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే సౌజన్యకి కోపం వచ్చింది.

"మా పచ్చళ్ళ మీద పడ్డడా ఆయన? నువ్వు పెరుగన్నం తింటుంటే గదా ఆగింది, ఆ మాట చెప్పినవా?"

చెప్పలేదు.

ఇక్కడ మా ఫెలోషిప్ సంగతి చెప్పాలి. పక్క ఊరు నోవైలో ప్రసన్న ఆంటీ, జాన్ అంకుల్ వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధన జరుగుతుంది. అంకుల్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆదివారం మాత్రం మాకు పాస్టర్ లాంటివారు. ఆరాధన అయ్యాక అందరూ తెచ్చిన వంటలతో భోజనం. నేను చేతిలో నీళ్ళ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడేదాన్ని.

"తినలేదేం అమ్మా?" అని ఒక ఆదివారం ఆంటీ అడిగారు.

"ఇవాళ వద్దాంటీ."

"ఉపవాసమా?"

"కాదాంటీ."

ఆంటీ నా వైపు అదోలా చూశారు. కళ్ళు చెమర్చాయి. గొంతు తగ్గించి, "సరేలే. చెప్పొద్దు. ఎవరికీ చెప్పకుండా ఉండటమే మంచిది" అన్నారు.

మా చర్చిల్లో పెరిగినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఉపవాసం ఉన్నవాళ్ళు దాన్ని చాటుకోకూడదని మాకు చిన్నప్పటినుంచీ నేర్పుతారు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, మామూలుగా ఉండాలి. కాబట్టి ఉపవాసం లేనివాళ్ళూ "కాదు" అంటారు, ఉన్నవాళ్ళూ "కాదు" అంటారు. నేను కాదన్నకొద్దీ ఆంటీకి నమ్మకం పెరిగింది.

మరోసారి ధైర్యం తెచ్చుకుని, "ఆంటీ, నిజంగా ఉపవాసం కాదు, నాకు మింగుడు..." అంటుండగానే అంకుల్ పైనుంచి కేకేశారు, ఆంటీ వెళ్ళిపోయారు. ఇంకోసారి "అసిడిటీ ఆంటీ" అన్నాను. "ఉంటుందమ్మా, ఖాళీ కడుపుతో అంతసేపు ప్రార్థనలో ఉంటే గ్యాస్ పట్టకుండా ఎలా ఉంటుంది?" అని నా వీపు నిమిరారు.

కొత్త సంవత్సరానికి ముందు ఫెలోషిప్‌లో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. అంకుల్ నిలబడి, "మన మధ్య ఒక చెల్లి ఉంది. పేరు చెప్పను. ఆ అమ్మాయిని చూసి మనం నేర్చుకోవాలి" అన్నారు. పేరు చెప్పకపోయినా తలలన్నీ నావైపే తిరిగాయి. బుగ్గలు పీక్కుపోయిన నా ముఖంలో వాళ్ళకి ఏదో కళ కనిపించింది. ప్రార్థన అయ్యాక ఆంటీ వాళ్ళ అమ్మాయి కెజియా నా పక్కకొచ్చి కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, హైస్కూల్‌లో ఉంది.

"అక్కా, హౌ డూ యూ డూ ఇట్? నేను టెన్ ఓ క్లాక్‌కే హంగ్రీ అయిపోతాను. నీకు ఆకలి రాదా?"

"వస్తుంది" అన్నాను.

"వావ్" అంది కెజియా, ఇంకా గౌరవంగా.

నవ్వొచ్చింది. ఇంటికొచ్చి డైరీ తీశాక ఏడుపొచ్చింది. నిజానికి నాకు ఎప్పుడూ ఆకలిగానే ఉండేది. సౌజన్య పోపు పెడితే ఆ వాసనకి కళ్ళు మూసుకుని గోడకానుకుని కూర్చునేదాన్ని. డైరీలో ప్రార్థనలు రాసుకునే పేజీల్లో వంటల పేర్లు రాసుకుంటున్నాను. గుత్తొంకాయ కూర, చింతచిగురు రొయ్యలు, వేడి వేడి ఉప్మా. ప్రార్థనాపరురాలని అందరూ చెప్పుకుంటున్న ఆ రోజుల్లోనే నాకు ప్రార్థన చేయడం రావట్లేదు.

ఆత్మీయ ఆకలి అనే మాట పుట్టినప్పటినుంచీ వింటున్నాను. ఆకలంటే ఏమిటో తెలియకుండానే విన్నాను. మా ఇంట్లో బైబిలుంది, పాటల పుస్తకముంది, ప్రార్థన గురించి రాసిన పుస్తకాలున్నాయి. నాకు ప్రార్థన కంటే ఆ పుస్తకాలంటేనే ఇష్టం. దేవుణ్ణి వెతుక్కోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, కావలసినవన్నీ ముందే అమర్చి ఉండేవి. నా ప్రార్థనలకి చక్కటి ప్రారంభం, చక్కటి ముగింపు ఉండేవి. ఆ చలికాలంలో అవన్నీ ఊడిపోయాయి. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, "ప్రభువా, ఈ గుక్క దిగనివ్వు" అనేదాన్ని. అంతే. తర్వాతి గుక్కకి మళ్ళీ అదే. దాన్ని ప్రార్థన అనడానికి కూడా నాకు సిగ్గుగా ఉండేది.

ఫిబ్రవరిలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసు చివరి విందుని తలుచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. పులియని రొట్టె ఆంటీయే కాలుస్తారు. నా వంతుకి వచ్చిన ముక్క చిటికెడంతే. నమిలాను. ఆగింది. ద్రాక్షరసం దాని మీద ఆగింది. అందరూ కళ్ళు మూసుకుని ఉండగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కనున్న లాండ్రీ గదిలోకి పరుగెత్తాను. రెండూ బయటికి వచ్చేశాయి.

తలెత్తేసరికి గుమ్మంలో ఆంటీ ఉన్నారు.

"ఆంటీ, ఇది ఉపవాసం కాదు" అన్నాను. ఇంక ఆపుకోలేకపోయాను. "నాకు ఆకలేస్తోంది ఆంటీ. తినలేకపోతున్నాను. నీళ్ళు కూడా దిగట్లేదు. ప్రభు రొట్టె కక్కేశాను."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఫాల్ సెమిస్టర్‌నుంచి."

"అన్నాళ్ళనుంచా! నీకు నోరు లేదుటే పిల్లా? చెప్పొద్దూ?"

"చెప్పానాంటీ. మీకే మూడుసార్లు చెప్పాను."

ఆంటీ ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత డ్రయ్యర్‌కి ఆనుకుని నేల మీద చతికిలబడి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయారు. "అయ్యో నా తండ్రీ, బంగారంలాంటి పిల్లని నేనే భక్తురాల్ని చేసి చంపేసేదాన్ని!"

"మరి ఆ రొట్టె ఆంటీ..."

"నీ ఒళ్ళు చేసినాయనకి నీ ఒంట్లో బాధ తెలియదా? ముందు కోటు వేసుకో. కాదు, ఇవాళ ఆదివారం. రేపు పొద్దున్నే డాక్టర్."

స్టూడెంట్ క్లినిక్‌లో రెఫరల్ దొరికి, జీర్ణకోశ జబ్బులు చూసే గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళేసరికి మరికొన్ని రోజులు పట్టింది. ఆవిడ తెల్లజుట్టు పెద్దావిడ. నేను అలవాటుగా "అసిడిటీ" అనగానే చెయ్యెత్తి ఆపారు. "డోంట్ టెల్ మీ ది డిసీజ్. టెల్ మీ అబౌట్ యువర్ లంచ్." జబ్బు పేరు వద్దు, నీ మధ్యాహ్నం భోజనం గురించి చెప్పమన్నారు. చెప్పాను. ఏం తింటే ఎక్కడ ఆగుతుందో, ఎలా లేచి తిరుగుతానో, ఎలా వెనక్కి వస్తుందో. "లిక్విడ్స్ టూ?" అని అడిగారు. మొదటి రోజునుంచీ నీళ్ళు కూడా ఆగుతున్నాయన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. అన్నం, నీళ్ళు రెండూ ఆగుతున్నాయంటే యాసిడ్ కంటే వేరే సంగతి చూడాలన్నారు.

టెస్టులు మొదలయ్యాయి. ఎండోస్కోపీకి మత్తు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్ళే మనిషి వెంట ఉండాల్సిందే, టాక్సీ కుదరదన్నారు. ఎవరినైనా ఒక చిన్న సాయం అడగాలంటే వారం రోజులు ఆలోచించే మనిషిని నేను. నేను అడగకముందే ఆంటీ, "డ్రైవ్ నేను చేస్తాను, నువ్వు మాట్లాడకుండా కూర్చో. అది నీకు బాగా వచ్చుగా" అన్నారు. ఎండోస్కోపీలో గడ్డలాంటివేమీ లేవు. బేరియం స్వాలో టెస్ట్‌లో సుద్దనీళ్ళలాంటి తెల్లటి మందు తాగుతుంటే ఎక్స్‌రే తీశారు. తెర మీద నా ఆహారనాళం సంచిలా ఉబ్బి, కింద పిట్టముక్కులా సన్నబడింది. అన్నిటికంటే కష్టం మానోమెట్రీ, మింగేటప్పుడు నాళంలో ఒత్తిడి కొలిచే పరీక్ష. ముక్కులోంచి సన్నటి ట్యూబ్ దింపి, నీళ్ళు చుక్కచుక్కగా పోస్తూ "నౌ స్వాలో", "డోంట్ స్వాలో" అంటారు. నెలల తరబడి మింగలేక ఏడ్చినదాన్ని, మింగొద్దన్న ప్రతిసారీ మింగాను. టెక్నీషియన్ అమ్మాయి నవ్వి మళ్ళీ మొదలుపెట్టేది.

జబ్బు పేరు అకలేజియా. ఆహారనాళం చివర ఒక వాల్వ్ ఉంటుంది, మింగినప్పుడు తెరుచుకోవాలి. నాది తెరుచుకోవట్లేదు. పైన నాళంలో కండరాలు కూడా ఆహారాన్ని కిందికి తోయట్లేదు. ఎందుకొస్తుందో సరిగ్గా తెలియదట. "నాట్ యువర్ స్పైసెస్, నాట్ యువర్ ఫాల్ట్" అన్నారు డాక్టర్. ఇంటికొచ్చి చెబితే సౌజన్య, "ఏందీ, ఆకలేజియానా? మనోళ్ళే పెట్టిన్రా ఏంది పేరు?" అని తన జోక్‌కి తనే పడీపడీ నవ్వింది. పచ్చళ్ళ తప్పు లేదని తేలినందుకు నాకంటే తనకే సంతోషం.

మొదట డైలటేషన్ చేశారు. ఎండోస్కోపీతోనే ఒక బెలూన్ పంపి ఆ వాల్వ్‌ని సాగదీయడం. తినొచ్చని చెప్పిన రోజున సౌజన్య పెసరపప్పు కిచిడీ వండింది. ముద్ద దిగింది. ఇంకో ముద్ద దిగింది. సౌజన్య ఫోన్ పట్టుకుని మా అమ్మకి, "ఆంటీ, తింటున్నది, మంచిగ తింటున్నది, ఇగో మళ్ళ పెట్టుకుంటున్నది" అని క్రికెట్ కామెంటరీలా చెప్పింది.

ఆ ఆదివారం ఫెలోషిప్‌లో సాక్ష్యం చెప్పాను, అంటే దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పడం. జీవితంలో మొదటిసారి అంతమంది ముందు నిలబడ్డాను. దేవుడు నన్ను స్వస్థపరిచాడన్నాను. ఇంకా ఏవేవో రాసుకెళ్ళాను గానీ అవి చదవకుండానే కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. అంకుల్ పెద్దగా స్తోత్రం చెప్పారు.

కొన్ని వారాలకి నీళ్ళు మళ్ళీ ఆగాయి.

జబ్బు మొత్తంలో నాకు చేదుగా గడిచిన రోజులంటే అవే. ఆకలి కంటే ఆ సాక్ష్యం నన్ను ఎక్కువ బాధపెట్టింది. దేవుడు బాగుచేశాడని అందరిముందు చెప్పాక, ఇప్పుడేమని చెప్పాలి? ఎగ్జామ్స్ వంకతో ఫెలోషిప్ మానేశాను. రెండో ఆదివారానికి ఆంటీయే మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేశారు, చేతిలో చారు ఫ్లాస్క్‌తో. నా ముఖం చూడగానే ఆవిడకి తెలిసిపోయింది.

"మళ్ళీ వచ్చిందా?"

తలూపాను. "సాక్ష్యం చెప్పేశాను కదాంటీ. ఇప్పుడు దేవుడికి..."

"ఏంటి, దేవుడికి పరువు పోతుందా?" ఆంటీ సోఫాలో కూర్చుని ఫ్లాస్క్ మూత తిప్పారు. "ఆయన పరువు నువ్వు కాపాడాలా? ఆయన నీ మీద ఆధారపడి ఉన్నాడా, నువ్వు ఆయన మీదనా?"

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు నువ్వు తిన్న కిచిడీ నిజం. దానికి స్తోత్రం చెప్పావు. తప్పేముంది? ఇవాళ దిగట్లేదు. దిగట్లేదని చెప్పు. అదీ సాక్ష్యమే. సౌజన్యా, ఒక గ్లాసియ్యమ్మా."

"ఆంటీ, మీరు చెప్తుంటే నాకే చర్చికి రావాలనిపిస్తున్నది" అంది సౌజన్య వంటింట్లోంచి.

"రా మరి. బిర్యానీ ఉంటుంది."

చారు కొంచెం దిగింది, కొంచెం దిగలేదు. కానీ ఎన్నో రోజుల తర్వాత మళ్ళీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని నా చిన్న మాట అనుకున్నాను. ఈ గుక్క దిగనివ్వు. ఆ మాటకి పరువుతో పనిలేదు. నాకున్న ప్రార్థనంతా అదేనని, అది చాలునని ఆ పూట అర్థమైంది. రెండు నెలలకి సరిపడా ధైర్యం కావాలని అడిగితే దొరకలేదు. ఒక గుక్కకి సరిపడా అడిగితే దొరుకుతూ వచ్చింది.

బెలూన్‌తో చేసింది నిలవలేదు కాబట్టి ఎండాకాలం సెలవుల్లో సర్జరీ చేశారు. పేరు హెల్లర్ మయాటమీ. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు చేసి, లోపల ఆ వాల్వ్ కండరాన్ని కోసి వదులు చేస్తారు. అమ్మకి వీసా స్లాట్ దొరికేలోపు డేట్ వచ్చేసింది. హాస్పిటల్‌లో నా దగ్గర ఎవరుండాలని ఆంటీ, సౌజన్య వాదించుకుని చివరికి ఇద్దరూ ఉన్నారు. నన్ను లోపలికి తీసుకెళ్తుంటే సౌజన్య నా చెవి దగ్గరికి వంగి, "మా దేవునికి మొక్కిన. నువ్వు ఏమనకు" అంది.

"ఏమనను" అన్నాను. మత్తు లేకపోయినా ఏమనేదాన్ని కాదు.

మర్నాడు కోసిన చోట లీక్ లేదని ఎక్స్‌రేలో చూసుకున్నాక నర్స్ ఆపిల్ జ్యూస్ తెచ్చిచ్చింది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాను. ప్రభువా, ఈ గుక్క అని అనుకునేలోపే అది దిగిపోయింది. ప్రార్థన సగంలో ఉంది. నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు నొప్పి. ఆంటీ కంగారుగా లేచి, "ఏమైందే?" అన్నారు. "దిగిపోయిందాంటీ, నేను అడగకముందే" అని మళ్ళీ నవ్వాను.

తర్వాత కొన్నాళ్ళు పల్చటి ద్రవాలు, ఆపైన మెత్తటి పదార్థాలు. సౌజన్య పప్పుని టీ వడకట్టే జల్లెడలో వడకట్టి ఇచ్చేది. ఆంటీ రాగిజావ తెచ్చేవారు. ఎవరిది బాగుందో చెప్పమని ఇద్దరూ నన్ను పీడించేవారు. నేను నోరు మెదపలేదు. మాట్లాడనిదాన్నని పేరున్నందుకు కొన్ని లాభాలున్నాయి.

చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్‌ని, నాళం మళ్ళీ మామూలుగా పనిచేస్తుందా అని అడిగాను. లేదన్నారు. తోసే కండరాల బలం ఇక రాదు, మేం తలుపు మాత్రం తీశాం. "గ్రావిటీ విల్ డూ ది రెస్ట్." మిగతా పని భూమి ఆకర్షణ చూసుకుంటుందన్నమాట. అందుకే నిటారుగా కూర్చునే తినాలి, తిన్నవెంటనే పడుకోకూడదు. అందరికీ ముద్దని లోపలి బలం తోస్తుంది. నాకు తోసే బలం లేదు. తలుపు తీసి ఉంది కాబట్టి, కిందికి లాగేది ఒకటుంది కాబట్టి దిగుతుంది. కారులో ఇంటికి వస్తూ ఈ సంగతి ఆంటీకి చెప్పాను. ఆంటీ సిగ్నల్ దగ్గర ఆగి, "ఇది అంకుల్‌కి చెప్పకు, రెండు గంటలు ప్రసంగం చేస్తారు" అన్నారు.

ఇప్పుడు నోవైలోనే ఉద్యోగం చేస్తున్నాను. గోరువెచ్చటి నీళ్ళు పక్కన పెట్టుకుని నెమ్మదిగా తింటాను. మంచం తలవైపు కొంచెం ఎత్తు చేసుకున్నాను. ఏడాదికోసారి డాక్టర్ దగ్గరికి వెళ్తాను. ఒత్తిడి ఎక్కువైన రోజుల్లో అప్పుడప్పుడు ముద్ద ఆలస్యం చేస్తుంది, ఆగదు. ఫెలోషిప్‌లో అందరూ తిని లేచాక కూడా నేను తింటూనే ఉంటాను కాబట్టి ఎవరో ఒకరు నా ఎదురుగా కూర్చుంటారు. వాళ్ళు మాట్లాడతారు, నేను తింటాను. అలా నాకు చాలామంది స్నేహితులయ్యారు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఒంట్లో బాగయ్యాక దేవుని కోసం ఆ ఆకలి కొంచెం తగ్గింది. గుక్క గుక్కకీ అడిగిన రోజుల దగ్గరితనం ఇప్పుడు ప్రతిరోజూ ఉండదు. కొన్నిసార్లు దానికోసం బెంగగా ఉంటుంది. జబ్బు కోసం కాదు, అడగాల్సి రావడం కోసం. అందుకని తినే ముందు నాలుగు మాటల ప్రార్థన పెద్దగా చెప్పడం మానేశాను. మొదటి ముద్ద చేతిలో పట్టుకుని, ఇది నాకు అవసరమని మాత్రం ఒప్పుకుంటాను.

ఇలాంటి ఇబ్బందితో ఇది చదువుతున్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు గ్యాస్, అసిడిటీ అని మీరే జబ్బుకి పేరు పెట్టకండి. ఏం తిన్నారు, ఎక్కడ ఆగింది, నీళ్ళు కూడా ఆగుతున్నాయా, తిన్నది తిన్నట్టే వెనక్కి వస్తోందా, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. సిగ్గేస్తే ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్ళి చేతికివ్వండి. దేవుడికి మనం చెప్పకపోయినా తెలుసు. డాక్టర్‌కి చెప్తేనే తెలుస్తుంది.